తప్పులకి తెల్లరంగు

“ఎన్నిచోట్ల దిద్దారు మామయ్యగారూ?”

కోడలు అరిచి ఉంటే ఆ ఇంట్లో ఎవరికీ అంత కంగారు పుట్టేది కాదు. పొద్దున్న ఏడింటికి, భోజనాల బల్ల దగ్గర నిలబడి, పాఠం అప్పజెప్పించుకునే టీచరులా నెమ్మదిగా అడిగింది. ఆమె భర్త నోటిదాకా వచ్చిన బ్రెడ్డుముక్కని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

పెద్ద మాస్టారు చేతిలోని పేపరు మడిచారు. ముప్పై ఎనిమిదేళ్ళు బడిలో పనిచేసి, అందులో పద్నాలుగేళ్ళు హెడ్మాస్టరుగిరీ వెలగబెట్టి, రిటైరైన తొమ్మిదేళ్ళకి కూడా వీధిలో ఎదురైన పిల్లల చేత చొక్కా బొత్తాలు పెట్టించే మనిషాయన. ఆ గొంతుతో ఆయన్ని ప్రశ్న అడిగినవాళ్ళు ఆ ఇంట్లో ఇంతవరకూ లేరు.

“ముప్పై ఒక్క చోట,” అన్నారు. “లెక్కపెట్టి మరీ దిద్దాను. ఒక్కటీ వదల్లేదు.”

ఆ చివరి మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

బల్ల మీద పొడుగాటి నోటుబుక్కు తెరిచి ఉంది. అట్ట మీద పిల్లల చేతిరాతలో ‘తప్పుల పుస్తకం’ అని పేరు. ఎనిమిదో తరగతి పిల్లలు ఇరవై ఇద్దరు, తాము తయారుచేసిన బుల్లి మోటారు బండిని నడిపి చూస్తూ, ఆరునెలలు కూర్చుని నింపిన నలభై మూడు పేజీలు. పేజీకి నాలుగు గడులు: బండికి ఏం చెప్పాం, ఏం చేస్తుందనుకున్నాం, ఏం చేసింది, ఇక ఏం మారుద్దాం. లెక్కల టీచరైన ఈ కోడలి గదిలో ఒక నియమం ఉంది. రాసింది చెరపకూడదు. రబ్బర్లు గుమ్మం బయటి డబ్బాలో వేసి లోపలికి రావాలి.

ఆ పుస్తకానికి మంచి అట్ట వేద్దామని నిన్న ఇంటికి తెచ్చి, బల్లమీద పెట్టి, అట్టముక్క కొనడానికి బజారుకి వెళ్ళింది. అట్ట తెచ్చింది కానీ వంట పనిలో పడి పుస్తకం తెరవలేదు. పొద్దున్న తెరిచి చూసింది. మొదటి గడిలో ఎక్కడ చూసినా ఎండిన తెల్లరంగు మచ్చలు. వాటిమీద గుండ్రటి, అందమైన, ఎర్ర అంకెలు.

“మూడో పేజీ వినండి,” అని పైకి చదివింది. “చక్రాన్ని పదిహేడు చుట్లు తిరగమన్నాం. స్తంభం ముందు ఆగుతుందనుకున్నాం. స్తంభానికి గుద్దుకుంది, మూత ఊడింది. మామయ్యగారూ, పదిహేడు చుట్లయితే గుద్దుకోదు. పదిహేడే సరైన అంకె. అది పిల్లలకి దొరికింది పంతొమ్మిదో పేజీలో.”

“నేను చేసిందీ అదేగా! పంతొమ్మిదో పేజీలోంచి తెచ్చి మూడో పేజీలో వేశాను. సరైన జవాబు పుస్తకంలోనే ఉండగా తప్పు జవాబు దేనికమ్మా?”

“ఇక్కడ ముందు ఏ అంకె ఉండేది?”

“తప్పు అంకె. అది గుర్తు పెట్టుకోవడం దేనికి?”

ఆమె కళ్ళు మూసుకుంది. పదిదాకా అంకెలు మనసులో లెక్కపెట్టుకుని ఉంటుందని అత్తగారు తర్వాత పక్కింటావిడతో అంది.

“సాయంత్రం ఆరింటికి కూర్చున్నారే తల్లీ,” అని అత్తగారు అప్పుడే అందుకుంది. “రెండు సీసాల వైట్‌నర్ అయింది. ఇచ్చిన టీ ఇచ్చినట్టే చల్లారిపోయింది. పెళ్ళయిన కొత్తలో పుట్టింటినుంచి నేను రాసిన ఉత్తరాలే దిద్ది, మార్కులేసి తిప్పి పంపిన మహానుభావుడు. నీ పుస్తకం ఒక లెక్కా?”

“నువ్వు ఊరుకో,” అన్నారు పెద్ద మాస్టారు. తర్వాత కోడలివైపు తిరిగారు. “ఆ బండాట నాకు నచ్చదు. ఆ మాట నీ మొహాన్నే చెప్పాను. అయినా నువ్వు నా కోడలివి. తప్పులతడక పుస్తకం పట్టుకెళ్ళి బడి కమిటీ ముందు పెడితే పోయేది నా పరువు కూడా. అందుకే కళ్ళు పొడుచుకుని దిద్దాను. మెచ్చుకోకపోతే పోయె, నిలదీస్తావా?”

ఆయన మనసులో నిజంగానే దురుద్దేశం లేదు. అది తెలిసే ఆమెకి కోపం రెట్టింపయింది. చెడగొట్టాలని చెడగొట్టినవాణ్ణి నాలుగు తిట్టవచ్చు. ప్రేమగా కూర్చుని, టీ కూడా తాగకుండా, పిల్లల ఆరునెలల కష్టాన్ని తుడిచిపెట్టిన మనిషిని ఏమనాలి?

“మా గది ఉంచాలో తీసెయ్యాలో పన్నెండింటికి కమిటీ తేలుస్తుంది,” అంది. “పోయినసారి కమిటీలో మందుల షాపాయన ఏమన్నాడో మీరూ విన్నారు. బండి పిల్లలు చేసింది కాదు, మా ఆయన మోటార్ల షాపులో బిగించి ఇచ్చాడన్నాడు. పిల్లలే చేశారనడానికి రుజువేంటని అడిగాడు. ఈ తప్పులే రుజువన్నాను. మీ అబ్బాయి చేసుంటే ఒక పూటలో అయిపోయేది. నలభై మూడు పేజీల తప్పులు చెయ్యాలంటే నేర్చుకునేవాళ్ళే చెయ్యాలి. ఆ రుజువుని మీరు...”

పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

*

భర్త వీధిగుమ్మం దాకా వెంటవచ్చాడు. కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టి మళ్ళీ ప్రాణం పోసే పని అతనిది. వేళ్ళ చివర్లు ఎప్పుడూ వార్నిష్ మరకలతో ఉంటాయి. ఏ మోటారు ఎందుకు కాలిందో వాసన చూసి చెప్పేస్తాడు కానీ, తండ్రికీ భార్యకీ మధ్య మాట వస్తే మాత్రం నీళ్ళు నములుతాడు.

“ఒక్క మాట,” అన్నాడు.

“చెప్పండి.”

“అక్కడ నాన్నపేరు ఎత్తకు.”

ఆమె చెప్పు తొడుక్కుంటూ ఆగింది.

“కమిటీకి అధ్యక్షుడు ఆయన. కూర్చునేవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు. పిల్లల పుస్తకాన్ని పెద్ద మాస్టారు చెడగొట్టారని నలుగురిలో అన్నావనుకో, ఆ మనిషి మళ్ళీ బయటికి తలెత్తుకు రాడు. నీకు తెలుసుగా ఆయన సంగతి.”

“తెల్లరంగు ఎవరు పూశారని అడిగితే?”

“ఏదో ఒకటి చెప్పు. పిల్లలు పూశారను.”

“ఏమన్నారు?”

అతను తల వంచుకుని వేలి మీది వార్నిష్ మరక గోకాడు.

“ఇవాళ గది పోతే ఆ బల్లలన్నీ ఎత్తేసి, ఆ గదిలో పదోతరగతికి పరీక్షల బట్టీ క్లాసు పెడతారు,” అంది ఆమె. “మా నత్త బండిని అటక మీద పడేస్తారు. నా పిల్లలేమో చెయ్యని పని చేశామని చెప్పుకున్న దొంగలవుతారు. మీరు కాలిపోయిన మోటారు తెచ్చిస్తే దాన్ని విప్పి తొమ్మిది రోజులు తంటాలు పడ్డారండీ వాళ్ళు. మీ చెయ్యి కూడా తగలనివ్వలేదు. మీకు గుర్తుందా?”

“గుర్తుంది.”

“అయితే ఆ మాట మీరొచ్చి చెప్పండి.”

అతను వీధివైపు చూశాడు. “షాపులో డెలివరీ ఉంది,” అన్నాడు చివరికి.

ఆమె రెండో చెప్పు తొడుక్కుంది. “నేనుగా ఆయన పేరెత్తను. అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. ఇంతకంటే మీ ఇంటికి నేను చెయ్యగలిగింది లేదు.”

*

నత్త అంటే పిల్లలు చేసిన బండి. ఒళ్ళు పాత లంచ్‌బాక్సు, చక్రాలు విరిగిన బొమ్మకారువి, లోపల రెండు చిన్న మోటార్లూ, బ్యాటరీ, వేలెడంత సర్క్యూటు బోర్డూ. చక్రానికి అతికించిన చిన్న అయస్కాంతం బోర్డు ముందునుంచి ఒకసారి దాటితే ఒక చుట్టు కింద లెక్క. క్లాసు గుమ్మం దగ్గర బయల్దేరి, వరండాలో స్తంభం ముందు ఆగి, పక్కకి తిరిగి, హాజరుపట్టీని హెడ్మిస్ట్రెస్ గది గుమ్మంలో దించాలి. దానికి తనంతట తనకి ఏమీ తెలియదు. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. తప్పు జరిగితే చెప్పినవాళ్ళదే తప్పు. ఆ సంగతి ఒంటబట్టడానికి పిల్లలకి రెండు నెలలు పట్టింది.

పుస్తకం చూడగానే గదంతా గొల్లుమంది. ప్రతిదానికీ ఎందుకని అడిగి అడిగి ‘ఎందుకమ్మ’ అని పేరు తెచ్చుకున్న పిల్ల మాత్రం ఏడవలేదు. ముక్కుపుటాలు అదురుతూ పేజీలు తిప్పింది.

“ఇది మా పుస్తకం కాదు టీచర్. ఎవరు దిద్దారు?”

“దిద్దినవాళ్ళ సంగతి తర్వాత. ఇప్పుడు ఏం చేద్దాం? నాకు తోచడం లేదు. నిజంగా తోచడం లేదు.”

టీచరు తోచడం లేదంటే వేరే క్లాసులో పిల్లలు నవ్వేవాళ్ళేమో. ఇక్కడ వాళ్ళు బల్లచుట్టూ దగ్గరగా జరిగారు.

“మొదటి గడి పోయింది,” అంది ఎందుకమ్మ. “మూడో గడి ఉంది కదా. ఏం చెప్పామో పోయింది కానీ ఏం చేసిందో ఉంది. స్తంభానికి గుద్దుకుంది, మూత ఊడింది. ఎన్ని చుట్లు చెప్తే మూత ఊడుతుందో మళ్ళీ చేసి చూద్దాం.”

“అంటే తప్పు మళ్ళీ చేద్దామనా?” అన్నాడు వెనకనుంచి ఒకడు.

“అదే తప్పు. వేరే తప్పు చేస్తే లాభం లేదు.”

టీచరమ్మ ఆ పిల్లవైపు చూసింది. తను ఈ పాఠం చెప్పలేదు. ఫలితాన్ని పట్టుకుని వెనక్కి నడిచి కారణం వెతకమని ఏ రోజూ బోర్డు మీద రాయలేదు. ఆరునెలల్లో ఎప్పుడో ఆ పిల్ల బుర్రలో అది దానంతట అదే మొలిచింది. ఈ గదిని ఎవరు ఎత్తేస్తారో చూద్దామని ఆమెకి అప్పుడే మొండి ధైర్యం వచ్చింది.

తొమ్మిదిన్నరకి నత్త వరండాలోకి దిగింది. పద్దెనిమిది చుట్లు చెప్తే స్తంభాన్ని ముద్దుపెట్టుకున్నట్టు తాకి ఆగింది. ఇరవైకి గుద్దుకుంది, మూత కదిలింది కానీ ఊడలేదు. ఇరవై రెండుకి స్తంభాన్ని నెడుతూ ముందుచక్రాలు లేచాయి. ఇరవై మూడుకి మూత ఎగిరి గచ్చుమీద గిరగిరా తిరిగింది.

“ఇరవై మూడు!” అని ఇరవై ఇద్దరూ ఒక్కసారి అరిచారు.

తెల్లమచ్చ పక్కన ఆకుపచ్చ ఇంకుతో ఇరవై మూడని వేసి, ‘మళ్ళీ చేసి కనుక్కున్నాం’ అని తేదీ రాశారు. రెండోది, మూడోది, నాలుగోది. నేలమీద బోర్లా పడుకుని చుట్లు లెక్కపెట్టేవాళ్ళు కొందరు, రాసేవాళ్ళు కొందరు. పదకొండున్నరకి పంతొమ్మిది తప్పులు దొరికాయి.

అప్పుడే కమిటీకని ముందుగా వచ్చిన పెద్ద మాస్టారు వరండా మెట్లెక్కారు. ఎదురుగా బండి స్తంభానికి గుద్దుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

“ఏమిటీ వినోదం?” అన్నారాయన. “బండి పాడైతే సంబరమా?”

అందరూ లేచి నిలబడ్డారు. ఎందుకమ్మ పుస్తకం పట్టుకుని ఆయన ముందుకి వెళ్ళింది. ఆ ఎర్ర అంకెలు ఎవరివో ఆ పిల్లకి తెలియదు.

“మాస్టారూ, ఇది చూడండి. మా పుస్తకంలో ఎవరో పదిహేడని రాశారు. గుద్దుకుందని మేం రాశాం. ఇప్పుడు పదిహేడు చెప్తాను, ఏం చేస్తుందో మీరే చూడండి.”

నత్త మెల్లగా సాగింది. స్తంభానికి జానెడు దూరంలో బుద్ధిగా ఆగింది.

“గుద్దుకోలేదు కదా మాస్టారూ?”

“లేదు.”

“మరి పుస్తకంలో గుద్దుకుందని ఉంది. చదివినవాళ్ళు మేం అబద్ధం రాశామనుకోరా?”

ఆయన పుస్తకం అందుకున్నారు. తన ఎర్ర అంకెనీ, దాని పక్కన ఆకుపచ్చ అంకెనీ చాలాసేపు చూశారు. స్తంభం దగ్గర నిలబడి ఉన్న కోడలివైపు చూడబోయి, చూడకుండానే పుస్తకం తిరిగి ఇచ్చేశారు.

“కమిటీకి వేళయింది,” అని ఆఫీసు గదివైపు నడిచారు.

*

ఆఫీసు గదిలో పొడుగు బల్ల. ఒక చివర పెద్ద మాస్టారు, పక్కన హెడ్మిస్ట్రెస్, ఎదురుగా మందుల షాపాయన, ఇంకో ఇద్దరు. టీచరమ్మకి కుర్చీ చూపించారు కానీ ఆమె కూర్చోలేదు.

మందుల షాపాయన కళ్ళజోడు సవరించుకుని పుస్తకం తిప్పాడు. చీటీలో డాక్టరు గీత చూసి మందు చెప్పగల మనిషి. తెల్లమచ్చలు ఆయన కంట పడకుండా ఎలా ఉంటాయి?

“ఇదేంటమ్మా?” అన్నాడు. “పేజీ పేజీకీ వైట్‌నరు. దానిమీద ఎర్రరాత. దాని పక్కన ఆకుపచ్చ రాత. మా షాపులో స్టాకు పుస్తకం ఇలా ఉంటే ఇన్‌స్పెక్టరు తాళం వేసుకుపోతాడు. ఇది పిల్లల రుజువా, రాత్రికి రాత్రి తయారుచేసిన రుజువా?”

“ఆకుపచ్చవి పిల్లలు ఇవాళ మళ్ళీ బండి నడిపి కనుక్కున్న అంకెలు. ఏది ఇవాళ రాశారో తేదీ ఉంది. దాచిందేమీ లేదు.”

“ఎర్రవి?”

“పిల్లలవి కావు.”

“ఎవరివి?”

ఆమె పెద్ద మాస్టారు వైపు చూసింది. ఆయన బల్లమీది పేపరు వెయిటుని ఎడమనుంచి కుడికి జరుపుతున్నారు.

హెడ్మిస్ట్రెస్ మెత్తగా అందుకుంది. ఆవిడకి గొడవలంటే తలనొప్పి. “పోనీ ఇలా చేద్దాం. పుస్తకం సంగతి వదిలేద్దాం. గదిని ఇప్పటికి ఇలాగే ఉండనిచ్చి, పదోతరగతి పరీక్షలయ్యాక మళ్ళీ ఆలోచిద్దాం. పిల్లలు ఏదో తెలియక దిద్దుకున్నారని రాసుకుంటాను. ఎవరికీ మాట రాదు. సరేనా?”

సరేనంటే ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఇల్లు ఇల్లులా ఉంటుంది. సాయంత్రం భర్త ఊపిరి పీల్చుకుంటాడు, అత్తగారు జోకులేస్తుంది, మామగారు పేపరు చదువుకుంటారు. పోయేదల్లా ఇరవై ఇద్దరు పిల్లల మాట.

“సరే కాదండీ,” అంది.

“ఆ?”

“పిల్లలు తెలియక దిద్దుకున్నారని రాయకండి. వాళ్ళు ఒక్క అంకె కూడా చెరపలేదు. మా గదిలో రబ్బరు కూడా ఉండదు. పొద్దుటినుంచి నేలమీద పడుకుని, పోయిన తప్పుల్ని ఒక్కొక్కటీ వెతికి తెచ్చుకున్న పిల్లల్ని మీరు దొంగలని రాస్తే నేను ఒప్పుకోను. నన్ను అనండి, పడతాను. వాళ్ళని అనడానికి వీల్లేదు.”

“అయితే ఎవరు దిద్దారో చెప్పమ్మా!” మందుల షాపాయన గొంతు పెంచాడు. “చెప్పవు, ఒప్పుకోవు. మేమేం చెయ్యాలి?”

ఆమె మామగారి మొహంలోకే చూస్తూ నిలబడింది. ఒక్క నిమిషం ఇచ్చింది. తర్వాత ఇంకో నిమిషం కూడా ఇచ్చింది. పేపరు వెయిటు కుడిచివరకి వెళ్ళి ఆగింది.

“మా మామగారు,” అంది.

హెడ్మిస్ట్రెస్ పెన్ను కాగితం మీదే నిలిచిపోయింది.

“నిన్న సాయంత్రం మా ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర. తప్పుగా ఉన్నాయని దిద్దారు. మంచికే చేశారు. కానీ చేసింది ఆయన.”

మందుల షాపాయన మొహం పాలిపోయింది. తను ఎవరిచేత చెవి మెలిపెట్టించుకుని ఎక్కాలు నేర్చుకున్నాడో ఆ మనిషి ఎదురుగా కూర్చున్నాడు. “అమ్మా, ఇంటి గొడవలు ఇంట్లో...” అని నసిగాడు.

“ఇంటి గొడవైతే ఇంట్లోనే పడేదాన్ని. ఇది ఎనిమిదో తరగతి పిల్లల పని.”

“మాస్టారూ,” అంది హెడ్మిస్ట్రెస్ పెన్ను కింద పెట్టి, “మీరేమంటారు?”

పెద్ద మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. పదకొండేళ్ళ కాపురంలో ఆయన మొహం ఇంత ముసలిగా ఆమెకి ఎప్పుడూ కనబడలేదు. జాలేసింది. జాలేసినా చూపు తిప్పుకోలేదు.

“అమ్మాయీ,” అన్నారాయన, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ, “ఇంటికి పద. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం.”

“ఇంటికి రావాలో వద్దో ఇక్కడే తేలాలి మామయ్యగారూ,” అంది ఆమె. “మీరు చెప్పండి. దిద్దింది మీరేనని మీ నోటితో చెప్పేదాకా నేను కదలను.”